సంతరోజు తీసిన రక్తం

బూరుగుపుట్టు,
అనంతగిరి మండలం.
జనవరి 11

ఒరే శివప్రసాద్,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాశాడేమిటి వీడు అని నవ్వుకుంటావు. నవ్వుకో. ఈ ఊళ్ళో సిగ్నల్ దొరికేది ఒక్క పెద్ద బండ మీదే. సాయంత్రమయ్యేసరికి ఊరు ఊరంతా దాని మీదెక్కి మాట్లాడుతూ ఉంటుంది. అక్కడ నిలబడి "నా మగ హార్మోన్ తగ్గిందట" అని నీతో అరిస్తే మర్నాటికి లోయంతా తెలిసిపోతుంది. అందుకే ఈ కాగితం. డిగ్రీ చదివేటప్పుడు పార్వతీపురం గదిలో నా పరీక్షలన్నిటికీ నువ్వే దిక్కు. ఇప్పుడు ఈ రక్తపరీక్షకి కూడా నువ్వే దిక్కయ్యావు.

సంగతి మొదటినుంచి చెప్తాను. పోయిన వానాకాలం నుంచి నేను ఈ ఊళ్ళో సుక్రు మామ ఇంట్లో ఉంటున్నాను. పిల్ల తండ్రికి ఓలి డబ్బు ఇచ్చుకోలేని కుర్రాడు ఆయన ఇంట్లో కొన్నాళ్ళు పని చేసి పిల్లని చేసుకోవడం మా వాళ్ళలో పాత పద్ధతి. మామ కాఫీ తోట పని నాది, ఆయన కూతురు గాయత్రి నాకు. ఒప్పందం అదీ. గాయత్రి కూడా ఒప్పుకుంది, ఆ మాట ముందు చెప్పాలి.

కాఫీ గింజలు ఆరబోసిన కళ్ళం దగ్గర కాపలాకి ఒక పాక వేసుకున్నాం. అందులో నేనూ, గాయత్రి అన్న రవిబాబూ పడుకుంటాం. పోయిన నెల గాయత్రి మేనమామ భీమన్న ఆ పాకలోకి వచ్చి చూరులో చెయ్యి పెడితే గంజాయి పీల్చే చిలుం గొట్టం దొరికింది. ఆయనకి గంజాయి పేరెత్తితే ఒళ్ళు మంట. ఒకప్పుడు ఆయన తమ్ముడు ఆ మొక్కలు వేసి జైలుకి పోయాడు. చిలుం తెచ్చి నా ముందు పెట్టి, "ఏటల్లుడా, ఇది నీదేనేటి?" అన్నాడు. నేను తల దించుకున్నాను.

ఆయన తిట్టి ఊరుకుంటే బాగుండేది. ఫోన్‌లో ఏదో వీడియో చూశాడట. "గంజాయి తాగినోడికి మగ హార్మోను పడిపోద్దంట. పిల్లలు పుట్టరంట. రవిబాబు పెళ్ళై నాలుగేళ్ళయింది, ఇంకా కాయా లేదు పండూ లేదు. ఆళ్ళ అత్తోరు పిల్లని తీసుకుపోతామని అప్పుడే గొనుగుతున్నారు. ఒక ఇంట్లో ఆ గోల సాలు. నువ్వు బేగి పరీక్ష సేయించుకుని రా. కాగితం బాగుంటే పెళ్ళి, నేకపోతే మీ ఊరికి పో" అన్నాడు. మేనమామ మాటకి ఈ ఇంట్లో తిరుగులేదు.

సంతరోజు కిందికి దిగి రక్తం ఇచ్చాను. టెస్టోస్టెరాన్ 238 అని వచ్చింది. మూడువందల కంటే తక్కువైతే తక్కువేనని ఆ కాగితం మీదే అచ్చేసి ఉంది. భీమన్నకి చదువు రాదు కానీ అంకెలు వచ్చు.

చైత్రంలో వచ్చే ఇటుకల పండగ లోపల తేల్చమన్నారు. నాకు రెండు విషయాలు కావాలి శివా. గంజాయి వల్ల నిజంగా ఇది పడిపోతుందా? పడిపోతే మళ్ళీ లేస్తుందా?

నీ,
సురేంద్ర


పార్వతీపురం.
జనవరి 20

సురేంద్రా,

నీకు నవ్వులాటగా ఉందేమో గానీ, నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. లేబ్‌లో ఇన్నేళ్ళుగా షుగరూ థైరాయిడూ చూసి చూసి విసిగిపోయాను. ఇన్నాళ్ళకి ఎవరో నన్ను బుర్రతో పనిచేయమన్నారు.

దొరికినవన్నీ చదివాను. అర్థం కానిచోట మా డాక్టరమ్మని అడిగాను. తేలిందేమిటంటే, ఏమీ తేలలేదు! ఎప్పుడో యాభై ఏళ్ళ కింద కొద్దిమంది మగాళ్ళని చూసి, గంజాయి ఎక్కువ తాగేవాళ్ళకి ఈ హార్మోన్ తక్కువుందని రాశారు. మీ భీమన్న వీడియో దాని మనవడో మునిమనవడో అయ్యుంటుంది. తర్వాత వేరేవాళ్ళు చూస్తే తేడా కనబడలేదు. ఇంకొందరు ఇంకా పెద్ద గుంపుని చూస్తే తాగేవాళ్ళకే కాస్త ఎక్కువగా ఉందట! నేను పుస్తకం మూసి బయటికెళ్ళి టీ తాగి వచ్చాను.

అయితే ఒకటి. హార్మోన్ వేరు, వీర్యకణాల లెక్క వేరు. రోజూ తాగేవాళ్ళలో కణాలు తగ్గడం చాలాచోట్ల కనబడింది. అది కూడా గంజాయి ఒక్కదాని వల్లేనని గట్టిగా చెప్పలేరు. గంజాయి తాగేవాడు దానితోపాటు పొగాకు తాగుతాడు, సారా తాగుతాడు, నిద్ర పోడు. ఏది ఏం చేసిందో ఎవడు చెప్తాడు?

కాబట్టి నీ సంగతి నాకు పూర్తిగా కావాలి. ఎన్నాళ్ళుగా తాగుతున్నావు, ఎంత తాగుతావు, ఆఖరుసారి ఎప్పుడు? ఆ రక్తం ఇచ్చిన రోజు ఏం తిన్నావో, ముందు రాత్రి ఎలా పడుకున్నావో కూడా రాయి. మన గదిలో ఉన్నప్పుడు బీడీ పొగకే కిటికీ తీసేవాడివి, ఈ అలవాటు ఎప్పుడైందిరా నీకు? తిట్టనులే. రాయి.

శివప్రసాద్


బూరుగుపుట్టు.
జనవరి 31

ఒరే శివా,

తాగింది మూడేళ్ళని రాసుకో. రోజుకి రెండు చిలుంలని రాసుకో. పక్కనే రవిబాబు కూర్చున్నాడు, రెండే అంటున్నాడు. ఆఖరుసారి సంగతి ఇప్పుడెందుకు, వదిలెయ్.

ఆ రోజు సంగతి అడిగావు, అది చెప్పడం తేలిక. ముందు రాత్రంతా చినుకులు పడ్డాయి. ఆరబోసిన గింజ తడిస్తే బూజు పట్టి పోతుంది, తెల్లారేదాకా టార్పాలిన్లు కప్పుతూ తీస్తూ గడిపాం. కన్ను మూస్తే ఒట్టు. పొద్దున్నే కొండ దిగాను. సంతకి పోయే జీపు మనిషి మీద మనిషి నిండితే గానీ కదలదు, నీకు తెలుసు కదా. అది నిండేలోపు జీలుగు కల్లు కుండ వచ్చింది. సంతరోజు కల్లు వద్దంటే ఎదుటివాణ్ణి అవమానించినట్టే. నేనెందుకు అవమానిస్తాను? జీపు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. ముందు జిలేబీ తిన్నాను, తర్వాత హోటల్లో అన్నం తిన్నాను. కడుపు నిండాక ధైర్యం వచ్చి లేబ్‌లోకి వెళ్ళాను. ఎప్పుడు తిన్నావని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

నీకు గాయత్రి సంగతి చెప్పలేదు కదూ. చైత్రంలో ఇటుకల పండగకి మా మగాళ్ళం వేటకి పోతాం. ఇప్పుడు వేటేముంది, అడవిలో నాలుగు రోజులు తిరిగి ఉత్త చేతులతో రావడమే. అలా వచ్చినవాళ్ళ మీద ఆడవాళ్ళు బురదనీళ్ళూ పేడనీళ్ళూ పోసి ఏడిపిస్తారు. పరాయివాడి మీద పొయ్యరు, సరసమాడదగ్గ వరసవాడి మీదే పోస్తారు. పోయినేడు ఈ ఊరికి చుట్టపుచూపుగా వచ్చి నేనూ వేటకి పోయాను. తిరిగొస్తుంటే ఒక పిల్ల కుండ ఎత్తి నెత్తిన పోసి, "ఓలమ్మ, కుందేలునైనా పట్టలేకపోయాడే" అంది. అదే గాయత్రి. మా కథ అలా మొదలైంది.

చిలుం గొడవ అయిన దగ్గర్నుంచి నాకు అన్నం పెడుతుంది, మాట్లాడదు. ఈ ఏడు పండగకి నా మీద నీళ్ళు పొయ్యకపోతే అర్థమేమిటో ఊరందరికీ తెలుస్తుంది. అదిరా నా భయం. అంకె గురించి కాదు.

సురేంద్ర


పార్వతీపురం.
ఫిబ్రవరి 14

సురేంద్రా, ఓరి వెర్రివెధవా,

అన్నం తిని రక్తం ఇచ్చావా! కల్లు తాగి, రాత్రంతా మేలుకుని, మధ్యాహ్నం ఇచ్చావా!

ఈ హార్మోన్ పొద్దున ఎక్కువుంటుంది, పొద్దెక్కేకొద్దీ దిగుతుంది. పడుచువాళ్ళలో మరీనూ. తిండి తిన్న తర్వాత ఇంకా దిగుతుంది. నిద్ర లేకపోయినా దిగుతుంది. అందుకే పొద్దున్నే, పరగడుపున తీయమంటారు. అదీ ఒక్కసారి చూసి చెప్పకూడదు, రెండు పొద్దులు చూడాలి. మీ కొండ మీంచి సంతజీపులో దిగే ఏ మగాడైనా మధ్యాహ్నానికి గానీ లేబ్ గుమ్మం తొక్కలేడు. ఆ లెక్కన మీ కొండ మీద మగాడే లేడని తేలుతుంది!

ఇది పుస్తకంలో ఉన్న మాట. కానీ నేను చూడాలి కదా. అందుకే ఏం చేశానో విను. ఒక పొద్దున పరగడుపున నా రక్తం నేనే తీసుకున్నాను. 510. మర్నాటికి నైట్ డ్యూటీ వేయించుకున్నాను, కునుకు తియ్యలేదు. పొద్దున్నే ఊరి బయటికి పోయి ఈతకల్లు తాగాను. జీలుగు కల్లు ఇక్కడ నాకెవడు తెస్తాడు? తర్వాత నీకు మల్లే జిలేబీ, నీకు మల్లే అన్నం. ఈ మధ్యలో మా ఆవిడ రత్నాలు నన్ను చూసింది. "ఏటి సేత్తన్నావు నువ్వు? పట్టపగలు కల్లేటి? మతేమైనా పోయిందేటి?" అని వీధిలోనే పట్టుకుంది. సైన్సు అన్నాను. వింటుందా?

మధ్యాహ్నం మళ్ళీ రక్తం తీసుకున్నాను. 287.

నా జన్మలో గంజాయి ముట్టలేదు సురేంద్రా. ఇద్దరు పిల్లల తండ్రిని. మీ భీమన్న లెక్క ప్రకారం నేనూ మీ ఊరికి అల్లుణ్ణి కాలేను. కాగితం ఇంట్లో చూపిస్తే రత్నాలు చాలాసేపు నవ్వింది. "ఇంకా నయం, గుంటడూ గుంటా ఇద్దరూ అచ్చం నీలాగే ఉన్నారు. నేకపోతే ఈ కాయితం పట్టుకుని నన్నేటి అడిగేవాడివో" అంది.

బేగి బయలుదేరి రా. రెండు రాత్రులు మా ఇంట్లో పడుకో, కల్లు వాసన కూడా చూడకు. రెండు పొద్దులు రక్తం నేనే తీస్తాను.

శివప్రసాద్


పార్వతీపురం.
మార్చి 3

సురేంద్రా,

నువ్వు బస్సెక్కాక కాగితాలు వచ్చాయి. మొదటి పొద్దు 548, రెండోది 571. లేబ్ ముద్ర వేయించి దీంతోనే పంపుతున్నాను. అంకెల కింద ఎర్ర పెన్నుతో గీత గీశాను, భీమన్న కోసం.

నాకెంత సంతోషంగా ఉందో రాయలేను. నీ పెళ్ళి నిలబడినందుకు ఒకటి. రెండోది నా పిచ్చి. మూడేళ్ళు, రోజుకి రెండు చిలుంలు తాగిన మనిషి హార్మోన్ చెక్కుచెదరలేదు! నేను చదివిన దెబ్బలాటలో ఒక పక్షానికి నువ్వు నిలువెత్తు సాక్షివి. డాక్టరమ్మకి చెప్తే ఆవిడ కూడా కుర్చీ ముందుకి జరుపుకుని వింది. నీ వివరాలు రాసుకుంటానంటోంది, పేరు లేకుండానేలే. ఇకనుంచి ఎవరడిగినా గంజాయికీ ఈ హార్మోన్‌కీ ఏ సంబంధమూ లేదని ధైర్యంగా చెప్తాను.

ఒక్కటే నాకు అంతుపట్టలేదు. మా ఇంట్లో రెండు రోజులున్నావు. అంత అలవాటున్న వాడివి ఒక్కసారైనా చిరాకు పడలేదు, తిండి మానలేదు, పడుకోగానే గురక పెట్టావు. అది కూడా డాక్టరమ్మకి చెప్పాలి. ఆఖరుసారి ఎప్పుడు తాగావో ఇంకా నువ్వు రాయలేదు.

శివప్రసాద్


బూరుగుపుట్టు.
మార్చి 12

శివా,

డాక్టరమ్మకి ఇంకేమీ చెప్పకు. చెప్పింది కూడా వెనక్కి తీసుకో.

నేను గంజాయి ఎప్పుడూ తాగలేదు. ఆఖరుసారి లేదు, మొదటిసారీ లేదు. మా కొండల్లో ఆ మొక్క పెంచిన వాళ్ళలోనే చాలామంది దాన్ని తాగి ఎరగరు. అది బయటివాళ్ళ కోసం పండించిన పంట. కింద మీరు మమ్మల్నందర్నీ ఒక గాటన కట్టేస్తారు గానీ.

ఆ చిలుం రవిబాబుది. మూడేళ్ళూ వాడివే, రోజుకి రెండూ వాడివే. నేను ఉత్తరం రాస్తుంటే పక్కన కూర్చుని తన లెక్క తనే చెప్పాడు. భీమన్న అది పట్టుకొచ్చిన రోజు రవిబాబు నా వెనకే నిలబడి ఉన్నాడు. ఆయన "తాగినోడికి పిల్లలు పుట్టరంట" అన్నాడు చూడు, అప్పుడు వాడి మొహం చూశాను. వాడి భార్య గంగ అక్కడే చాటతో రాగులు చెరుగుతోంది. ఆ మాట వినగానే చాట ఆపేసింది. నాలుగేళ్ళుగా ఊరంతా గొడ్రాలని ఆమెనే అంటున్నారు. చిలుం నాది కాదని నేనంటే ఆ క్షణమే అది ఎవరిదో తేలిపోయేది. గంగ వాళ్ళవాళ్ళు మర్నాడే వచ్చి తీసుకుపోయేవాళ్ళు. సాయంత్రం రవిబాబు నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. "బావా, నా కాపురం నీ సేతిలో ఉంది" అన్నాడు. చెప్పనని మాటిచ్చాను.

నాకేం, పరీక్షలో తేలిపోతుందిలే అనుకున్నాను. సంతరోజు కాగితం వచ్చాక మాత్రం నిజంగా భయపడ్డాను. తాగని వాడికి ఎందుకు తగ్గింది? పక్కవాడి పొగకా? ఆ మొక్కల మధ్య పుట్టి పెరిగినందుకా? నిన్ను అడగాలంటే తాగానని చెప్పే అడగాలి కదా. అబద్ధం చెప్పి అడిగాను. నీకు కోపం రావాలి, వచ్చే ఉంటుంది.

కాగితం చూసి భీమన్న "సరే" అన్నాడు. పెళ్ళి ఖాయమైంది. కానీ ఎర్ర గీతల కాగితాన్ని నాకంటే ఎక్కువసార్లు రవిబాబు చూశాడు. గంజాయి తాగినా ఏమీ కాదని నువ్వు రాశావు కదా, అది చదివి నిన్న నిశ్చింతగా ఇంకో చిలుం ముట్టించాడు. నాకు ఒళ్ళు మండింది. తాగని నా రక్తం చూసుకుని వాడు ధైర్యం తెచ్చుకుంటున్నాడు. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు.

సురేంద్ర


పార్వతీపురం.
మార్చి 19

సురేంద్రా,

నీ ఉత్తరం చదివి తిట్టాను, మళ్ళీ చదివి మళ్ళీ తిట్టాను. తర్వాత నా మీద నాకే నవ్వొచ్చింది. గంజాయి ముట్టని మగాళ్ళం ఇద్దరం. మన రక్తాలు తీసి, దాన్నిబట్టి గంజాయి సంగతి తేల్చేశాను! డాక్టరమ్మకి చెప్తే ఆవిడ కుర్చీ వెనక్కి జరుపుకుంది. నిజానికి నువ్వు తాగినవాడివే అయినా, ఒక్క మనిషిని చూసి అంత మాట అనకూడదు. ఆ తప్పు నీది కాదు, నాది.

నేను రాసిన ఆ ముక్క రవిబాబు ముందు చించెయ్. చించి, వాణ్ణి నా దగ్గరికి పంపు. హార్మోన్ పొద్దున్నే చూస్తాం. వీర్యకణాల లెక్క కూడా చూస్తాం. బాగుంటుందని మాటివ్వలేను, బాగోదనీ చెప్పలేను. నాలుగేళ్ళుగా గంగ ఒక్కతే మాటలు పడుతోంది. సగం లెక్క వాడి దగ్గర ఉండొచ్చని వాడికి చెప్పు. వాడి సంగతి నేను నీక్కూడా చెప్పను, చెప్పాలనుకుంటే వాడే చెప్తాడు.

రత్నాలు ఒకటి అడగమంది: "గాయత్రికి సెప్పాడేటి?" లేదనుకుంటాను. వెంటనే చెప్పమంటోంది. ఈ విషయంలో దాని మాట నా లేబ్ కాగితం కంటే నమ్మదగ్గది.

శివప్రసాద్


బూరుగుపుట్టు.
ఏప్రిల్ 22

శివా,

నువ్వు చెప్పలేదు గానీ రవిబాబు చెప్పాడు. నాకే కాదు, అందరికీ.

మీ ఊరి నుంచి వచ్చిన రోజే కళ్ళం దగ్గర తండ్రినీ మేనమామనీ కూర్చోబెట్టాడు. గంగని కూడా పిలిచాడు. "సిలుం నాది మామా. సురేంద్ర బావ నాకోసం నోరు మూసుకున్నాడు" అని మొదలుపెట్టాడు. హార్మోన్ బాగానే ఉందట. కణాల లెక్క మాత్రం తక్కువట. గంజాయి వల్లేనని చెప్పలేను, కాదనీ చెప్పలేను, మానేసి మూడు నెలల తర్వాత రా, మళ్ళీ చూద్దాం అని డాక్టరమ్మ అందట. అదంతా ఒక్క మాట పోకుండా చెప్పాడు. సీసా చేతికిచ్చినప్పుడు పడ్డ సిగ్గు కూడా చెప్పాడు. ఆ మాటకి సుక్రు మామ నవ్వు ఆపుకోలేక లేచి అవతలికి పోయాడు.

భీమన్న గంగ వైపు తిరిగి, "నిన్ను సేలా మాటలన్నాం అమ్మీ" అన్నాడు. గంగ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నాలుగేళ్ళు ఆగినాను గదా, మూడు నెల్లు ఆగలేనేటి? మా ఓళ్ళు వత్తే నాను సెప్తాను. కానీ మళ్ళీ పొగ కనబడితే నా కాళ్ళతో నానే పోతాను" అంది. చిలుం రవిబాబే రాయితో కొట్టి ముక్కలు చేశాడు. మూడు నెలలు నిలబడతాడా? నాకు తెలీదు. ఇప్పుడు వాడు పొద్దున్నే లేచి నాతో తోటకి వస్తున్నాడు, చేతులు ఖాళీగా ఉంటే భయమంటున్నాడు.

గాయత్రికి ముందే చెప్పమంది కదా రత్నాలు. చెప్పలేదు. వాడికి మాటిచ్చానని ఆగాను. ఆమె కూడా అందరితోపాటే కళ్ళం దగ్గర వింది. ఆ రోజు నుంచి అన్నం పెట్టడం కూడా మానేసింది. అత్త పెట్టింది. పెళ్ళి ఖాయమైన మనిషినీ, పెళ్ళికూతురు మొహమైనా ఎత్తి చూడని మనిషినీ నేనే. తాగుబోతునని అనుకున్నప్పుడు కూడా ఇంత కోపం లేదు ఆమెకి.

నిన్న వేట నుంచి తిరిగొచ్చాం. చెప్పేదేముంది, ఉత్త చేతులే. ఊరి మొగదల ఆడవాళ్ళు కుండలతో సిద్ధంగా ఉన్నారు. గంగ రవిబాబుని దొరకబుచ్చుకుంది. భీమన్నని నలుగురు మరదళ్ళు కలిసి ముంచారు. నేను మెల్లగా నడిచాను. గాయత్రి ఒక పక్కగా నిలబడి ఉంది, చేతిలో కుండ లేదు. ఆమెని దాటి ముందుకి నడిచాను. అప్పుడు వెనకనుంచి నెత్తి మీద పడింది. చల్లటి బురద, వెన్ను దాకా. కుండని రాయి వెనక దాచిందట!

"ఇది కుందేలు కూడా తేనందుకు" అంది. నేను కళ్ళు తుడుచుకునేలోపు రెండో కుండ ఎత్తింది. అందులో పేడనీళ్ళు. "ఇది నాకు సెప్పకుండా దాసినందుకు" అంది. మొత్తం పోసి, ఖాళీ కుండ నా చేతిలో పెట్టి, "మళ్ళీ దాత్తావేటి?" అనడిగింది. దాచనన్నాను. ఊరంతా చూస్తోంది శివా, ఒంటి నిండా పేడతో నిలబడి నేను ఏడ్చాను. అంత సంతోషం నాకెప్పుడూ లేదు.

వైశాఖంలో పెళ్ళి. రత్నాలునీ పిల్లల్నీ తీసుకుని రా. జీపు నిండేదాకా ఆగాలి, కల్లు వద్దనకు.

ఇదంతా జరిగింది పొద్దున్నా మధ్యాహ్నమా అని అడుగుతావు, నాకు తెలుసు. మధ్యాహ్నమే.

నీ,
సురేంద్ర